మా అమ్మ పురికొసతో కుట్టిన పుస్తకం

మొన్న చలికాలంలో మా అమ్మకి కంటి ఆపరేషన్ అయింది. శుక్లాలు తీశారు. పెద్ద ఆపరేషన్ ఏమీ కాదు, పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి ఇంటికి వచ్చేశాం. కానీ ఆ తర్వాత జాగ్రత్తలే జాగ్రత్తలు. తలస్నానం కూడదు, పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు, వంగి బరువులు ఎత్తకూడదు, కొన్నాళ్ళు చదవకుండా కంటికి విశ్రాంతి ఇవ్వాలి. మిగతావన్నీ అమ్మ ఒప్పుకుంది. ఆ చివరిదే గొంతులో పడలేదు. ఎనభైకి దగ్గరపడుతున్న మనిషి ఇవాళ్టికీ శనగపప్పు పొట్లం కట్టిన కాగితం కూడా చదివి గానీ అవతల పారెయ్యదు. అలాంటావిడకి చదవొద్దంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

రెండో రోజుకే విసుగు మొదలైంది. టీవీ చూడకూడదు, నిద్ర పట్టదు. కంటి మీద కట్టు తడుముకుంటూ, "నేనిప్పుడు ఏకాక్షి మాంత్రికుణ్ణిరా" అని మావాడితో అంది. మావాడు ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. వాడికేం అర్థం కాలేదు. ఏకాక్షి అంటే ఎవరని అడిగాడు.

అదుగో, అక్కడ మొదలైంది.

మీలో నా వయసు వాళ్ళకీ, నా కంటే పెద్దవాళ్ళకీ ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. ఏకాక్షి, చతుర్నేత్రుడు, కుండలినీ ద్వీపం సేనాని సమరసేనుడు... చందమామలో వచ్చిన 'తోకచుక్క' సీరియల్లోని వాళ్ళు. 1954లో అది మొదటిసారి వస్తున్నప్పుడు మా అమ్మకి అక్షరాలు ఇంకా కూడబలుక్కునే వయసు. మా పెద్దమావయ్య అరుగు మీద కూర్చుని పైకి చదివితే వీధి పిల్లలంతా చుట్టూ చేరి వినేవారట. మాది భీమిలి కదా, కథలో ఓడలు బయలుదేరాయంటే వాళ్ళకి వేరే బొమ్మ అక్కర్లేదు, ఎదురుగా సముద్రం ఉంది. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటి నుంచే సమరసేనుడి ఓడలు బయలుదేరాయని మా అమ్మ చాలా ఏళ్ళు నమ్మింది. ఇక బీచి దగ్గరున్న డచ్చి వాళ్ళ సమాధులున్నాయే, ఏకాక్షి ఉండేది అక్కడే అని మావయ్య చెప్పాడట. ఇప్పుడు అక్కడికి టూరిస్టులు వచ్చి ఫొటోలు దిగుతున్నారు గానీ, ఆ రోజుల్లో మా అమ్మ మాత్రం దీపాలవేళ దాటాక ఆ పక్కకే వెళ్ళేది కాదట.

ఇవన్నీ విని మావాడు "ఆ కథ ఏది, చూపించు" అన్నాడు. తోకచుక్క మా ఇంట్లో లేదు. కానీ ఇంకొకటి ఉంది.

పాత సామాన్లు దాచుకునే అలవాటున్న ఇల్లాళ్ళకి చెప్పక్కర్లేదు. మన ట్రంకుపెట్టెల్లో అడుగున, పట్టుచీర కింద, జాకెట్టు ముక్కల కింద ఏదో ఒకటి ఉంటుంది. మా అమ్మ పెట్టెలో ఉన్నది 'మాయాసరోవరం'. చందమామలో నెలనెలా వచ్చిన పేజీలు జాగ్రత్తగా విడదీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, దబ్బనంతో పొడిచి, పురికొసతో కుట్టిన పుస్తకం. మా నాన్న చిట్టివలస జూటుమిల్లులో పనిచేసేవారు కాబట్టి పురికొసకి మా ఇంట్లో ఎప్పుడూ కరువు లేదు. జీతం అందిన రోజున మల్లెపూలు, పకోడీల పొట్లం, చందమామ, ఈ మూడూ తెచ్చేవారు. ఏ నెలైనా మొదటి రెండిట్లో ఒకటి తగ్గేది గానీ, మూడోది తగ్గేది కాదు. చందమామ వచ్చిన సాయంత్రం మా ఇంట్లో పులుసు అడుగంటడం కూడా మామూలే. మా నాన్న ఒక్క మాట అనేవారు కాదు, మజ్జిగ పోసుకుని లేచిపోయేవారు.

చెప్పొచ్చేదేమిటంటే, మావాడు అమ్మమ్మకి ఆ కథ చదివి వినిపించాలని ఒప్పందం కుదిరింది. రోజుకి ఒక భాగం. వాడికి తెలుగు సబ్జెక్టులో మార్కులు బాగానే వస్తాయి గానీ, చదవమంటే ఒక్కో ఒత్తు దగ్గరా ఆగిపోతాడు. మీ ఇళ్ళల్లోనూ ఇదే సంగతి అనుకుంటా. మొదటి భాగం నాలుగు పేజీలు చదవడానికి వాడికి దాదాపు గంట పట్టింది. నాకు వంటింట్లోంచి వింటుంటే ప్రాణం విసిగిపోయింది. అమ్మ మాత్రం కళ్ళు మూసుకుని వింటూ, వాడు తప్పు చదివిన చోటల్లా దిద్దుతోంది. పుస్తకం చూడకుండా! జయశీలుడు, సిద్ధసాధకుడు అన్న పేర్లు వాడి నోట తిరిగేసరికి మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత వాడే "ఇవాళ ఇంకో భాగం చదవనా?" అనడం మొదలుపెట్టాడు. చివరి పేజీ ఎప్పుడూ ఎవరో ఒకరు ప్రమాదంలో పడ్డ చోట ఆగుతుంది కదా, అదీ కారణం. నెలంతా ఆగి ఉండే బాధ వాడికి లేదు, పేజీ తిప్పితే చాలు. అదృష్టవంతుడు.

ఒకరోజు చదవడం ఆపి వాడు అడిగాడు. "ఇంతకీ ఇది ఎవరు రాశారు అమ్మమ్మా?"

"చిత్రగారు" అంది అమ్మ వెంటనే. "అదుగో, బొమ్మ కింద సంతకం ఉంది చూడు. ఆవిడకి ఎన్ని ఆలోచనలో!"

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎందుకంటే నేనూ అదే అనుకున్నాను, నా చిన్నప్పుడు. బొమ్మల కింద పేరు 'చిత్ర' అని ఉంటుంది. కథ పైన గానీ కింద గానీ ఇంకే పేరూ ఉండదు. మరి కథ రాసిందీ, బొమ్మలు వేసిందీ చిత్ర అనే ఒకావిడే అయి ఉంటుందని మేమిద్దరం ఎవరికి వాళ్ళం అనేసుకున్నాం. అమ్మ ఇంకో అడుగు ముందుకి వేసింది. ఆవిడ పెళ్ళయి, పిల్లలున్న మనిషై ఉంటుందనీ, మధ్యాహ్నం అంట్లు తోమేసుకున్నాక కూర్చుని రాసుకునేదనీ కూడా అనుకుందట.

చిత్ర ఆవిడ కాదు. టి.వి. రాఘవన్ అనే ఆయన. చందమామలో ఆ సీరియళ్ళకి అన్నేళ్ళూ బొమ్మలు వేసిన చిత్రకారుడు. కథలు రాసింది ఆయనా కాదు. ఆ సంగతి మాకు తెలియడానికి కారణం నేను పుట్టడమే అంటే నవ్వుతారు. చెప్తాను వినండి.

అమ్మ కుట్టుకున్న పుస్తకంలో ఒక నెల భాగం లేదు. అది నేను పుట్టిన నెల. అమ్మ పురిటి మంచం మీద ఉంది, నాన్న ఆస్పత్రికీ మిల్లుకీ మధ్య తిరుగుతున్నారు, చందమామ సంగతి ఎవరికీ గుర్తు లేదు. తర్వాత ఎక్కడ వెతికినా ఆ సంచిక దొరకలేదట. చిన్నప్పుడు నేను అల్లరి చేస్తే అమ్మ తిట్టే తిట్లలో ఒకటి "నీ మూలంగా నా కథ పోయిందే" అని. అది నిజం తిట్టేనని నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. మావాడు చదువుతూ చదువుతూ ఆ ఖాళీ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. కథ అతకలేదు. "ఇక్కడేమైంది అమ్మమ్మా?" అంటే "నాకూ తెలీదురా బాబూ, ఇన్నేళ్ళ నుంచీ తెలీదు" అంది.

మావారు విశాఖలో ఏదో పని మీద వెళ్తుంటే, పుస్తకాల కొట్లో ఒకసారి అడగమని చెప్పాను. ఆశ లేకుండానే చెప్పాను. సాయంత్రం బస్సు దిగి వచ్చినాయన చేతిలో కొత్త పుస్తకం ఉంది. పాత చందమామ సీరియళ్ళని ఇప్పుడు పుస్తకాలుగా వేస్తున్నారట. అట్ట మీద 'మాయాసరోవరం' అని ఉంది. దాంతోపాటు పేరు ఉంది. దాసరి సుబ్రహ్మణ్యం.

ఆ పేరు చూశాక నేను ఊరుకోలేకపోయాను. తెలిసిన లైబ్రరీ ఆయన్ని అడిగి, దొరికినంత చదివాను. అక్కడ తెలిసినవి మీకూ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఈయన 1932లో పుట్టారు. గుంటూరు జిల్లా పెదగాదెలవర్రు. ఇరవయ్యేళ్ళ వయసులో, 1952లో, మద్రాసులో చందమామలో చేరారు. 2006 దాకా అక్కడే ఉన్నారు. లెక్క వేసుకోండి, యాభై నాలుగేళ్ళు! మన దగ్గర ఒక గవర్నమెంటు ఉద్యోగి రెండుసార్లు రిటైరయ్యేంత కాలం. చందమామ 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మొదలుపెట్టారని మనకందరికీ తెలిసిందే. తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి మొదలైంది, ఆ తర్వాత కన్నడం, హిందీ, ఇంకా ఎన్నో భాషలు. సుబ్రహ్మణ్యంగారు చేరిన 1952లోనే కొడవటిగంటి కుటుంబరావుగారు కూడా చందమామకి వచ్చారు. పెద్దవాళ్ళ కోసం అన్ని కథలూ నవలలూ రాసిన ఆ కుటుంబరావుగారే, 1980లో పోయేదాకా చందమామలో ప్రతి కథనీ దిద్ది తీర్చేవారు. ఆయన పేరు కూడా సంపాదకుడిగా వేసేవారు కాదు.

బయట నుంచి కథలు పంపిన వాళ్ళ పేర్లు వేసేవారు. లోపల కూర్చుని రాసే వాళ్ళవి మాత్రం వేసేవారు కాదు. అది ఆ పత్రిక పద్ధతి. పిల్లలకి కథ కావాలి గానీ రాసినాయన ఎవరైతేనేం అని కాబోలు. వాళ్ళ లెక్క వాళ్ళకి ఉండవచ్చు, అందులో కొంత నిజమూ ఉండవచ్చు. నాకు మాత్రం మనసొప్పలేదు. అమ్మకి అసలే ఒప్పలేదు.

మనం చదివిన ఆ పెద్ద సీరియళ్ళు పన్నెండు. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. పన్నెండూ ఈయనవే. డెబ్భైల చివరికి కొత్తవి రావడం ఆగిపోయింది. కానీ పాతవే మళ్ళీ మళ్ళీ వేశారు. అందుకే చూడండి, మా అమ్మ చిన్నప్పుడు చదివిన వాటిని నేను ఎనభైల్లో కొత్త సంచికల్లో కొత్త కథలనుకుని చదివాను. "ఇది నాకు తెలుసే, చివరికి ఏమవుతుందో చెప్పనా?" అని అమ్మ ఏడిపిస్తే, ఈవిడకి ముందే ఎలా తెలుసబ్బా అని ఆశ్చర్యపోయేదాన్ని. ఒకే కథ తల్లీ, కూతురూ ఒకే పేరున్న పత్రికలో చదువుకున్నాం. ఇప్పుడు మూడోవాడు చదువుతున్నాడు.

ఇంకో సంగతి. ఇన్ని మంత్రాలూ, మాంత్రికులూ, కాపాలికులూ రాసిన మనిషి కదా, రోజూ పూజలు చేసే మహా భక్తుడై ఉంటాడనుకుంటాం. కాదట. హేతువాదం మాట్లాడుకునే ఇంటి నుంచి వచ్చిన మనిషి. మళ్ళీ ఒకసారి చదివితే అది తెలిసిపోతుంది. ఆయన కథల్లో మాంత్రికుడికి ఎంత శక్తి ఉన్నా, ఇరుకున పడ్డవాడు బయటపడేది ఎక్కువగా తెలివితోనూ, ధైర్యంతోనూ, పక్కనున్న స్నేహితుడి సాయంతోనూ. ఎప్పుడూ ఇద్దరు స్నేహితులు కలిసి నడుస్తుంటారు, గమనించారా? మాయాసరోవరంలో జయశీలుడూ సిద్ధసాధకుడూ, శిథిలాలయంలో శిఖిముఖీ విక్రమకేసరీ. ఒకడు తొందరపడితే ఇంకొకడు ఆగమంటాడు. మా అమ్మ అంటుంది, మీ నాన్నా నేనూ అలాగే కాపురం చేశాం అని.

ఆ తెలుగు సంగతి కూడా చెప్పాలి. పెద్ద పెద్ద మాటలు లేవు. చిన్న వాక్యం, దాని వెనక చిన్న వాక్యం. ఏ జిల్లా వాళ్ళకైనా అర్థమయ్యే మాట. మావాడి లాంటి వాడు కూడా పది రోజుల్లో దారిలో పడ్డాడంటే ఆ వాక్యాల గొప్పతనమే. వాడి పాఠ్యపుస్తకాన్ని నేను తిట్టను గానీ, అది చదువుతూ వాడు ఏనాడూ తర్వాత పేజీ కోసం తొందరపడలేదు. పిల్లలకి తెలుగు రావడం లేదని బాధపడే తల్లులం మనం చాలామందిమి ఉన్నాం. ట్యూషన్ పెట్టించే ముందు, రాత్రి అన్నాలయ్యాక ఇలాంటిదొకటి చేతికిచ్చి, మీరు పప్పు రుబ్బుకుంటూనో బట్టలు మడత పెట్టుకుంటూనో పైకి చదవమనండి. తప్పులు దిద్దడానికి ఒక అమ్మమ్మో నానమ్మో ఉంటే ఇంకా మంచిది. మనం వెంటవెంటనే దిద్దితే వాళ్ళకి కోపం వస్తుంది, పెద్దవాళ్ళు దిద్దితే రాదు. ఎందుకో మరి.

బొమ్మల విషయంలో మా అమ్మకి ఒక గర్వం ఉంది. చందమామ అట్ట మీద ఎన్నో బొమ్మలు వేసిన 'వపా', వడ్డాది పాపయ్యగారు, మనవైపు మనిషే. 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, చివరి రోజుల్లో అనకాపల్లి దగ్గర కశింకోటలో ఉన్నారు, 1992లో పోయారు. బేతాళుణ్ణి భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ కళ్ళ ముందు మెదులుతుందే, అది వేసిన శంకర్‌గారు 2020 దాకా ఉన్నారు. బొమ్మ వేసిన వాళ్ళకి మూల ఒక సంతకం మిగిలింది. మాట రాసిన వాళ్ళకి అదీ లేదు.

కొత్త పుస్తకం తెచ్చిన రాత్రి అట్ట మీద పేరు మావాడు చదివాడు. అమ్మ రెండుసార్లు చదివించుకుంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. కంట్లో మందు వేసే వేళయిందని నేను దగ్గరికి వెళ్తే అప్పుడు చెప్పింది, ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పని సంగతి. కంచుకోట వస్తున్న రోజుల్లో అమ్మ ఒక కార్డు రాసిందట. కథ ఎంత బాగుందో, చంద్రవర్మ అంటే తనకెంత ఇష్టమో, అన్నీ. రాసి తాతయ్యకిచ్చి డబ్బాలో వెయ్యమంది. తాతయ్య బళ్ళో మేష్టారు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరి పేర రాశావే? పేరు లేకుండా ఎవరికిస్తారు?" అన్నారట. నిజమే కదా అనుకుని అమ్మ ఆ కార్డు వెనక్కి తీసుకుని బియ్యం డబ్బాలో దాచింది. తర్వాత ఏమైపోయిందో తెలీదు. ఎనిమిదో తరగతి అయ్యాక చదువు మానిపించారు, పెళ్ళి చేశారు.

"ఇప్పుడు ఎక్కడుంటాడాయన? మద్రాసేనా?" అంది.

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. 2010లో పోయారమ్మా, విజయవాడలో, అన్నాను. అభిమానులు చివరికి ఆయన్ని గుర్తు పట్టారనీ, 'రచన' పత్రిక ఆయన కోసం ప్రత్యేకంగా ఒక సంచిక వేసిందనీ, సీరియళ్ళన్నీ పేరుతో సహా పుస్తకాలయ్యాయనీ చెప్పాను. చందమామ కూడా ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆగిపోయిందని చెప్పాను.

"పోయేలోపు ఎవరైనా చెప్పారా ఆయనకి? మేమంతా చదివామని?"

చెప్పే ఉంటారులే అన్నాను. అభిమానులు కొందరు ఆయన్ని కలిశారని చదివాను కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదు. కానీ భీమిలి నుంచి ఎవరూ చెప్పలేదు కదా.

అమ్మ కాసేపు అలాగే ఉండి, "సరే, ఆ పోయిన భాగం చదవరా" అంది మావాడితో. వాడు కొత్త పుస్తకం తీసి ఆ చోటు వెతికాడు. నేను మందు సీసా మూత పెట్టేసి గుమ్మంలో కూర్చున్నాను. ఎంతైనా అది నా మూలంగా పోయిన భాగం కదా! వాడు ఎక్కడా ఆగకుండా చదివాడని చెప్పను. నాలుగైదు చోట్ల ఆగాడు. ఈసారి అమ్మ దిద్దలేకపోయింది, ఎందుకంటే అది ఆవిడకీ కొత్తే. ఒత్తు దగ్గర వాడు తడబడితే ఇద్దరూ కలిసి ఊహించారు.

అంతా విన్నాక అమ్మ, "ఓస్, ఇంతేనా! నేను ఇంకా ఏదో అయిందనుకున్నాను ఇన్నేళ్ళూ" అంది. తర్వాత వాణ్ణి మళ్ళీ మొదటి నుంచి చదవమంది.

కట్టు తీసేశాక అమ్మ చేసిన మొదటి పని, కొత్త పుస్తకం పక్కన పెట్టుకుని, ఆ పోయిన భాగాన్ని మావాడి రూళ్ళ నోటుపుస్తకం కాగితాల మీద గుండ్రటి అక్షరాలతో రాసుకోవడం. మూడు రోజులు పట్టింది. పాత పురికొస విప్పి, ఆ కాగితాలు మధ్యలో పెట్టి మళ్ళీ కుట్టమని నాకిచ్చింది. దబ్బనం వెతుకుతుంటే మళ్ళీ పిలిచి, పైన మొదటి పేజీలో ఆయన పేరు కూడా రాయమంది. 'గారు' మర్చిపోవద్దని చెప్పింది.